ఊరి చెరువు కట్ట తెగకుండా చూసుకోవడం ఎలా?

చెరువు కట్టలు ఎక్కువగా రెండు రకాలుగా తెగుతాయి. వరద కట్ట మీది నుంచి దూకి కోసేస్తుంది, లేదా నీళ్లు కట్ట కడుపులో దారి చేసుకుని మట్టిని కొద్దికొద్దిగా లాగేస్తాయి. రెండోది కొత్త సంగతేమీ కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369లోనే కట్ట నుంచి నీరు ఊరడాన్ని చెరువుకు ఉండకూడని ఆరు దోషాల్లో ఒకటిగా చెక్కింది. 2021 ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లు దాటిన కట్టలకూ, 10 నుంచి 15 మీటర్ల మధ్య కొన్ని షరతులున్నవాటికీ మాత్రమే వర్తిస్తుంది. ఊరి చెరువు కట్టలు చాలావరకు అంత ఎత్తుండవు కాబట్టి వాటిని కనిపెట్టుకోవాల్సింది ముందుగా ఊరే.

వానలకు ముందు: నడక

మే నెలలో, చెరువు అడుగంటినప్పుడు, కట్ట పొడవునా మూడు సార్లు నడవండి: నీళ్ల వైపు వాలు మీద ఒకసారి, కట్ట పైన ఒకసారి, ఆయకట్టు వైపు కింది అంచు వెంట ఒకసారి. ఏటవాలు ఎండ పడే పొద్దుటి పూట గుంతలు, పగుళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. కట్టకు అడ్డంగా, అంటే నీళ్ల వైపు నుంచి ఆయకట్టు వైపుకు సాగే పగులు అన్నిటికన్నా ప్రమాదం. కట్ట పొడవునా పగిలి ఒక పక్క కుంగినట్టుంటే ఆ వాలు జారడం మొదలైందని అర్థం. అది ఊరు సొంతంగా బాగుచేసుకునే పని కాదు, నీటిపారుదల ఇంజనీరును పిలవాలి.

కట్ట ఎత్తును కంటితో అంచనా వేయకండి. మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు లెవెల్‌తో మత్తడి (చెరువు నిండాక మిగులు నీరు దూకిపోయే చోటు) నుంచి మొదలుపెట్టి ప్రతి 30 మీటర్లకు మట్టం చూడండి. మత్తడి గట్టిగా దూకేటప్పటి నీటిమట్టానికీ కట్ట పైభాగానికీ మధ్య కనీసం మీటరు ఉండాలి. ట్రాక్టర్లు, పశువులు ఎక్కిదిగే చోటే కట్ట ఎక్కువగా అరిగిపోతుంది, వరద దూకేదీ అక్కడే.

చెట్లు, బొరియలు

గడ్డి ఉండనివ్వండి, అది మట్టిని పట్టి ఉంచుతుంది. సర్కారు తుమ్మ, వేప మొక్కలు మణికట్టు లావు కాకముందే వేళ్లతో సహా పెరికేయాలి. పెద్ద చెట్టును కొట్టేసి మొద్దు వదిలేస్తే కొన్నేళ్లకు వేళ్లు కుళ్లి, కట్ట లోపల గొట్టాల్లాంటి ఖాళీలు మిగులుతాయి. అందుకే వేసవిలో తవ్వి తీసి, గుంతను వెంటనే పూడ్చాలి.

పందికొక్కులు, ఎలుకలు, ఎండ్రకాయల బొరియలను మూతి దగ్గర మట్టి కొట్టి వదిలేయడం మామూలుగా జరిగే తప్పు. బొరియ చివర వరకు తవ్వండి. ఆరు అంగుళాల పొరలుగా బంకమట్టి కలిసిన ఎర్రమట్టి పోసి, ఒక్కో పొరనూ దిమ్మిసతో కొట్టండి. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్దకట్టాలి, కిందికి వదిలితే విరగాలి. ఆ తడి చాలు. వాలు మీద కొత్త మట్టి పోసేటప్పుడు పాత వాలును మెట్లుగా కోసి పోయాలి, లేకపోతే మొదటి వానకే చర్మంలా జారిపోతుంది. నల్లరేగడి ఎండితే నెర్రెలిస్తుంది, పైపొరకు పనికిరాదు.

ఈ మట్టిని కట్ట పక్కనే తవ్వకండి. పూడిక తీసేటప్పుడు కూడా కట్ట దగ్గర పేరుకున్న ఒండ్రును కదిలించకూడదు, నీళ్లు కిందికి ఇంకకుండా ఆపుతున్నది అదే.

తూము, మత్తడి

తూము గోడకూ మట్టికీ మధ్యనున్న అతుకు నీటికి సులువైన దారి. కొత్తగా కట్టిన బతుకమ్మ ఘాటు మెట్ల పక్కనా అంతే. తూము షట్టరును అవసరం లేకపోయినా నెలకోసారి తిప్పి, గ్రీజు పెట్టండి. చెరువును ఖాళీ చేయాల్సివస్తే రోజుకు అడుగుకు మించి దించకండి. నీళ్లు హఠాత్తుగా తగ్గితే నానిన లోపలి వాలుకు ఆనుకునేది లేక జారుతుంది.

మత్తడి, కొన్నిచోట్ల అలుగు, కలుజు అంటారు, దాని జోలికి ఎవరూ పోకూడదు. ఇంకో తడికి నీళ్లుంటాయని పైన ఇసుక బస్తాలు పేర్చేవాళ్లు, చేపలు పోకుండా వలలు కట్టేవాళ్లు, శిఖం భూమి (చెరువు లోపలి సాగు భూమి) మునిగిందని పగలగొట్టేవాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉంటారు. వలకు చెత్త పట్టుకుంటే అది గోడతో సమానం. నీళ్లు పోయే దారి చాలకపోతే కట్టే తెగుతుంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది గేట్లు వదలగలిగిన దానికంటే ఎక్కువ వరద వచ్చినందుకే.

చెరువు నిండాక: ఊట కొలత

ఊట ఉండటం తప్పు కాదు, అది మారడమే ప్రమాదం. కట్ట కింది అంచున చిన్న కాలువ తీసి, ఊటను ఒక పైపు గుండా పారించండి. 10 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండిందో, ఆ రోజు చెరువు నీటిమట్టం ఎంతో వారానికోసారి రాసిపెట్టండి. మట్టం మారకుండానే 50 సెకన్ల బకెట్ 25 సెకన్లకే నిండితే లోపల దారి పెరుగుతోందన్నమాట. గాజు సీసాలో పట్టి గంటసేపు కదపకుండా ఉంచండి. అడుగున మట్టి పేరుకుంటే ఇంజనీరుకు అదే రోజు చెప్పాలి.

బుంగ పడితే

ఆయకట్టు వైపు మట్టితోనో సిమెంటుతోనో మూయకండి. లోపల ఒత్తిడి పెరిగి నీళ్లు ఇంకోచోట బయటపడతాయి. నీటిని పోనిచ్చి మట్టిని ఆపాలి: ముందు అర అడుగు ముతక ఇసుక, దానిపై అర అడుగు 20 మిల్లీమీటర్ల కంకర, ఆపైన బరువుకు రాళ్లు. కింది నేలలోంచి నీరు ఇసుకను ఎగజిమ్ముతుంటే చుట్టూ ఇసుక బస్తాలతో బావి ఒరలా గుండ్రంగా పేర్చండి. నీరు తేటబడగానే ఎత్తు పెంచడం ఆపేయాలి.

నీళ్ల వైపు మూతి వెతకడానికి ఊక చల్లి చూడండి, సుడి ఉన్నచోటికి లాక్కుపోతుంది. దాని మీదికి టార్పాలిన్ దించి బస్తాలు వేయవచ్చు. మనుషులు మాత్రం నీళ్లలోకి దిగకూడదు, సుడి లాగేస్తుంది.

ఊట బురదగా ఉండి గంటగంటకూ పెరుగుతుంటే మరమ్మతు వదిలేసి, దిగువ ఇళ్లనూ పశువుల కొట్టాలనూ ఖాళీ చేయించండి. కట్టకు గండి కొట్టాలనే మాట వస్తే అది ఇంజనీర్ల నిర్ణయం. కొట్టినా మధ్యలో కాదు, ఎత్తు తక్కువై గట్టి నేలకు ఆనిన చివరన, దిగువవాళ్లు కదిలాకే.