చేపల దాణాలో ఎల్లిగడ్డ, పసుపు: ఎంత కలపాలి, ఎట్లా కలపాలి

దీపావళి దాటి చలి ముదిరితే మన కుంటల్లో రవ్వలు, బొచ్చెల ఒంటి మీద ఎర్ర మచ్చలు లేస్తుంటాయి. చాలామందికి ఎల్లిగడ్డ, పసుపు గుర్తొచ్చేది అప్పుడే. అప్పటికే ఆలస్యం. జబ్బుపడ్డ చేప మొదట మానేసేది మేతనే, మేతలో ఏం కలిపినా దాని కడుపులోకి పోదు. చేపలు ఆత్రంగా తింటున్నప్పుడే, అక్టోబరు మొదట్లోనే మొదలుపెట్టాలి.

ముందు తూకం. విసురు వల వేసి ముప్పై చేపల దాకా పట్టి సగటు తీయండి. ఒక్కోటి 300 గ్రాములు, కుంటలో 2,000 చేపలు ఉంటే మొత్తం 600 కిలోలు. నూటికి రెండు చొప్పున రోజుకు 12 కిలోల దాణా. కిలో దాణాకు పొట్టు తీసిన ఎల్లిగడ్డ 10 గ్రాములు, పసుపు 5 గ్రాములు. అంటే రోజుకు 120 గ్రాములు, 60 గ్రాములు. పిడికెడు, గుప్పెడు లెక్కలు వద్దు. ఘాటెక్కువైతే చేప మూతి పెట్టి వదిలేస్తుంది.

పసుపు పొడి కొనకండి, రంగు కలిపిందో లేదో కంటికి తెలియదు. వరంగల్ ఏనుమాముల మార్కెట్ పక్కనే పెట్టుకుని ప్యాకెట్ పసుపు ఎందుకు? కొమ్ములు తెచ్చి గిర్నీలో పట్టించి, వెలుతురు తగలని డబ్బాలో పెట్టండి.

ఇక కలపడం. 4 కిలోల పల్లి చెక్క (పల్లి నూనె తీశాక మిగిలే పిప్పి) ముందు రోజు రాత్రే నానబెట్టండి. బూజు వాసన వచ్చే చెక్కయితే పారేయడమే, ఆ బూజు విషం చేప కాలేయాన్ని తింటుంది. అర కిలో నూకలు ఐదు లీటర్ల నీళ్లలో జావలా ఉడికించి పూర్తిగా చల్లార్చండి. ఎల్లిగడ్డ దంచి పది నిమిషాలు వదిలేయండి. ఘాటునిచ్చే అల్లిసిన్ రెబ్బలో ఉండదు, నలిగాకే పుడుతుంది. వేడి గంజిలో వేశారా, దాన్ని పుట్టించే ఎంజైమే చచ్చిపోతుంది. పసుపులోని కర్క్యుమిన్ నీళ్లలో కరగదు, అందుకే 60 గ్రాములనూ ముందు 120 మిల్లీలీటర్ల పల్లి నూనెలో కలపండి. తర్వాత 8 కిలోల తౌడు, నానిన చెక్క, ఎల్లిగడ్డ, పసుపు నూనె అన్నీ కలిపి, గంజి కొద్దికొద్దిగా పోస్తూ ముద్ద కట్టండి.

ఒక ముద్దను గాజు గ్లాసు నీళ్లలో వేసి పది నిమిషాలు చూడండి. నీళ్లు తేటగా ఉంటే బాగున్నట్టు. పసుపు పచ్చటి మబ్బు కమ్మి, పైన నూనె తెట్టు కడితే గంజి చాలలేదు. చేప కోసం కొన్న సరుకు కుంట తాగుతోందన్న మాట. బొక్కలు పొడిచిన సంచుల్లో పొడి తౌడు వేలాడదీసేవాళ్లకు జరిగేదీ ఇదే. ఎల్లిగడ్డ, పసుపు పెట్టే పదిహేను రోజులైనా ముద్దలు కట్టి, నీళ్లలోకి దించిన తట్టల్లో పెట్టండి.

ఎండెక్కాక, తొమ్మిది పదింటికి వేయండి. తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు తక్కువ, చేప సరిగా తినదు. మబ్బు పట్టిన రోజు మేత తగ్గించండి. మేత వేసిన రెండు గంటల తర్వాత తట్ట లేపి, మిగిలితే మర్నాడు అంత తగ్గించండి. పదిహేను రోజులు పెట్టి, పదిహేను రోజులు మామూలు దాణా వేస్తే ఖర్చూ చేతిలో ఉంటుంది. తడి దాణా రేపటికి దాచొద్దు, పులిసి బూజు పడుతుంది.

తేలే గుళికల మేతయితే గంజి అక్కర్లేదు. ఆ రోజు 120 గ్రాముల ఎల్లిగడ్డను దంచి 200 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి వడకట్టి, గుళికల మీద చిలకరించి, పైన పసుపు నూనె పట్టించి, నీడలో అరగంట ఆరబెట్టండి. నీళ్లెక్కువైతే గుళికలు ఉబ్బి చిట్లుతాయి.

చేప పేను పట్టినా, మొప్పలు కుళ్లినా ఈ దాణాతో పోదు. అప్పుడు నీటి పరీక్ష చేయించి, మత్స్యశాఖ వాళ్లను అడగండి. ఎవరో చెప్పారని వేపాకు కషాయమో పొగాకు నీళ్లో కుంటలో గుమ్మరించకండి. పొగాకులోని నికోటిన్ పేనుతో పాటు చేపనూ చంపుతుంది.