వాదన నేర్చుకుందాం – 5వ పాఠం: ఎదుటివాడి మాట ముందు నువ్వు చెప్పు

పోయిన పాఠం చివర ఇచ్చిన పని గుర్తుందా? 'కామిక్ పుస్తకాల సూపర్ హీరో సినిమాలు మంచి సినిమాలేనా?' అన్న ప్రశ్న మీద ఏదో ఒక పక్షం పట్టమన్నాను. ప్రతిజ్ఞ (అంటే మీరు నిలబెట్టదలచిన మాట) ఒక వాక్యం, హేతువు (అంటే దానికి కారణం) రెండు వాక్యాలు, ఉదాహరణ ఒకటి రాయాలి. విజయనగరంలో మా ఇంటి అరుగు మీద ఆదివారం సాయంత్రాలు కూర్చునే ఆరుగురూ రాసుకొచ్చారు. కాగితం మీద అందరిదీ బాగానే ఉంది. నోరు తెరిచాక పది నిమిషాలు కూడా ఆగలేదు. ఎదురింటి మామ్మగారు గేటు దాకా వచ్చి, "ఏటి బాబూ, పిల్లలు కొట్టుకుంటన్నారేటి?" అని అడిగి వెళ్లారు.

జరిగింది ఇదీ. అనుకూల పక్షం మా మేనకోడలిది. డిగ్రీ రెండో సంవత్సరం, మార్వెల్ అనే అమెరికా కామిక్ కంపెనీ సినిమాలు ఏ వరసలో చూడాలో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. వ్యతిరేక పక్షం గంట స్తంభం దగ్గర సెల్ రిపేరు షాపులో పనిచేసే కుర్రాడిది.

"అవన్నీ చిన్నపిల్లల సినిమాలు. బొమ్మలు కొట్టుకోడం తప్ప ఏముంది?"

"నీకు అర్థం కాలేదు కాబట్టి అలాగంటున్నావు."

"అర్థం కావడానికి అందులో ఏటుంది?"

"ఏం లేకుండానే మార్వెల్ వాళ్ల 'ఎండ్‌గేమ్'కి దగ్గర దగ్గర 280 కోట్ల డాలర్లు వచ్చాయా?"

తర్వాతిది రాయను. ఇక్కడ ఎవరూ ఎవరికీ జవాబు చెప్పలేదని మీకూ కనిపిస్తూనే ఉంటుంది. అతని దృష్టిలో ఆమె బొమ్మలాటకు మురిసిపోయే పసిపిల్ల, ఆమె దృష్టిలో అతను బుర్ర లేనివాడు. ఇద్దరూ ఆ ఊహామనుషులతోనే పోట్లాడారు. పొలంలో దిష్టిబొమ్మను కర్రతో పడగొట్టి, కుస్తీ గెలిచానని ఊళ్లోకి వచ్చి చెప్పుకోవడం లాంటిది ఇది.

ఈ వారం పాఠం ఈ ఒక్క జబ్బుకే.

పూర్వపక్షం

మన పాత శాస్త్ర గ్రంథాలు తిరగేస్తే ఒక పద్ధతి కనిపిస్తుంది. రాసేవాడు తన మాట ముందు చెప్పడు. తనను కాదనేవాడి వాదం ముందు పెడతాడు. అదే పూర్వపక్షం. దాన్ని ఖండించాకే తన సిద్ధాంతానికి వస్తాడు. పాత తర్కశాస్త్ర గ్రంథమైన న్యాయసూత్రాల్లో చర్చను మూడు రకాలు చేశారు. నిజం తేలడానికి చేసేది వాదం. ఎలాగైనా గెలవడానికి చేసేది జల్పం. తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాడిది పడగొట్టడానికే చేసేది వితండం. మనం ఇప్పుడు మొండిగా మాట్లాడే ప్రతివాడిదీ వితండవాదం అనేస్తున్నాం గానీ, మొండివాడికి కనీసం ఒక పక్షం ఉంటుంది. మా అరుగు మీద నడిచింది జల్పం.

నేను ఈ పాఠం సిగ్గుపడి నేర్చుకున్నాను. డిగ్రీ చదివే రోజుల్లో శ్రీకాకుళంలో ఒక కాలేజీ వక్తృత్వ పోటీకి వెళ్లాను. సినిమాలు యువతను పాడుచేస్తున్నాయా అన్నది విషయం. అవతలి అమ్మాయి ఏం మాట్లాడుతుందో ఇంటి దగ్గరే ఊహించుకుని, దానికి జవాబులు బట్టీ పట్టుకుని వెళ్లాను. దంచి మాట్లాడాను కూడా. ఆ అమ్మాయి లేచి, "ఆయన ఖండించినవేవీ నేను అనలేదండీ" అని ఒక్క వాక్యం చెప్పి కూర్చుంది. హాలంతా చప్పట్లు. తిరుగు బస్సు రణస్థలం దాటేదాకా నా నోరు పెగల్లేదు.

బలమైన పక్షం, బలహీనమైన పక్షం

ఒకే మాటను బలహీనంగానూ పట్టుకోవచ్చు, బలంగానూ పట్టుకోవచ్చు. మన విషయంలోనే దీనికి మంచి నమూనా ఉంది. 2019 అక్టోబరులో దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ ఒక ఇంటర్వ్యూలో మార్వెల్ సినిమాలు సినిమా కాదనీ, వాటిని చూస్తే థీమ్ పార్కులు గుర్తొస్తాయనీ అన్నారు. అభిమానులు భగ్గుమన్నారు. 'ముసలాయనకు కుళ్లు' అన్నవాళ్లూ ఉన్నారు. మా మేనకోడలి వాదం కూడా అక్కడే ఆగింది.

కానీ ఆయన నవంబరులో న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాశారు. ఆ సినిమాలకు పనిచేసేవాళ్ల ప్రతిభను అందులో ఎక్కడా కాదనలేదు. తాను చిన్నవాడై ఉంటే తనకూ నచ్చేవేమో అని కూడా ఒప్పుకున్నారు. ఆయన అభ్యంతరం వేరే చోట ఉంది. ప్రేక్షకుడికి తెలియనిదేదో బయటపడటం, మనసుకు నిజంగా ఏదో ప్రమాదం జరగబోతోందనిపించడం ఆ సినిమాల్లో ఉండదన్నారు. అడిగినదాన్ని అడిగినట్టు, ముందే పరీక్షించి, కొద్దిపాటి మార్పులతో మళ్లీ మళ్లీ వడ్డిస్తారన్నారు. థియేటర్లు వాటితో నిండిపోతే, రిస్కు తీసుకుని తీసిన సినిమాకు తెర దొరకడం లేదన్నారు.

దీన్ని 'బొమ్మలు కొట్టుకోడం' పక్కన పెట్టి చూడండి. దానికి జవాబు ఎవడైనా చెబుతాడు. దీనికి చెప్పాలంటే చెమట పడుతుంది. మీరు ఖండించాల్సింది రెండోదాన్ని.

అరుగు మీద మళ్లీ

ఇద్దరి చేతా కాగితాలు పక్కన పెట్టించాను. ఇరవై నిమిషాలు టైమిచ్చి, ఎవరి పక్షం వాళ్లు కాకుండా అవతలివాళ్ల పక్షం రాయమన్నాను. రూలు ఒకటే. చదివి వినిపించాక అవతలివాళ్లు "అవును, అదే నా మాట" అనాలి. అనకపోతే మళ్లీ రాయాలి.

మా మేనకోడలు మొదటిసారి రాసింది చదవగానే సెల్ షాపు కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. అందులో వెటకారం కనిపించింది. రెండోసారి ఇలా రాసింది: "ఈ సినిమాల్లో చావుకి విలువ లేదు. 2018 సినిమాలో ఒకడు చిటికె వేస్తే సృష్టిలో సగం మంది బూడిదైపోయారు. 2019లో 'ఎండ్‌గేమ్'లో వాళ్లంతా తిరిగొచ్చారు. పోయినవాళ్లు ఎలాగూ వస్తారని తెలిస్తే ఏడుపు ఎక్కడి నుంచి వస్తుంది? పైగా ఏ సినిమా తనంతట తాను నిలబడదు. పేర్లన్నీ పడ్డాక వచ్చే చిన్న సీను కోసం జనం కుర్చీల్లో కూర్చుని ఉంటారు. అంటే చూసిన సినిమా కన్నా రాబోయే సినిమా మీదే ఆశ."

"అవును మావయ్యగారూ, నేనన్నది అదే" అన్నాడు కుర్రాడు. నన్నెప్పుడూ మాస్టారూ అనేవాడు ఆ సంబరంలో వరస మార్చేశాడు. నిజానికి అతను అంత బాగా ఎప్పుడూ అనలేదు. మీ పూర్వపక్షం కుదిరిందనడానికి అదే గుర్తు: ఎదుటివాడు తనకు రాని మాటల్లో తన మనసు వింటాడు.

కుర్రాడికి ఇంకా కష్టమైంది. ఇష్టం లేనిదాన్ని పొగడటానికి పెన్ను కదలదు. చివరికి ఒక వాక్యం పట్టుకొచ్చాడు: "సూపర్ హీరో అన్నది కథ కాదు, వేషం." నాకైతే ఆ సాయంత్రం మొత్తానికి అదే మంచి వాక్యం. ఆ వేషం కింద ఏ కథైనా పెట్టవచ్చన్నాడు. 2008 నాటి బ్యాట్‌మ్యాన్ సినిమా 'ది డార్క్ నైట్' నేరాల కథ. అందులో విలన్ జోకర్‌గా వేసిన హీత్ లెడ్జర్‌కి చనిపోయాక ఆస్కార్ వచ్చింది. 2017 నాటి వుల్వరిన్ సినిమా 'లోగన్' ముసలితనం గురించి. ఒకప్పుడు ఎదురులేనివాడు ఇప్పుడు మతి తప్పుతున్న పెద్దాయనకు మందులు వేస్తుంటాడు. 2018లో వచ్చిన 'బ్లాక్ పాంథర్' ఆస్కార్ ఉత్తమ చిత్రం పోటీకి వెళ్లిన మొదటి సూపర్ హీరో సినిమా. అదే ఏడాది వచ్చిన స్పైడర్‌మ్యాన్ యానిమేషన్ సినిమాకు బొమ్మ గీసిన తీరుకే మెచ్చుకోళ్లు వచ్చాయి. ఒక్క దుకాణంలో ఇన్ని రకాల సరుకు ఉంటే, దుకాణం మొత్తాన్ని చెత్త అనడం కుదరదని అతని వాదం. మా మేనకోడలు "అదే, అదే" అని గట్టిగా అనేసింది.

ఇప్పుడు జవాబు

ఎదుటి పక్షాన్ని ఒప్పించేలా చెప్పాకే జవాబు. అందులోనూ అన్నిటికీ చెప్పొద్దు. అన్నిటికన్నా బరువైన ఒక్క రాయిని ఎత్తండి. మా మేనకోడలు 'ముగింపు ముందే తెలుసు, పోయినవాడు తిరిగొస్తాడు' అన్నదాన్ని ఎంచుకుంది.

"హరికథ పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు మన ఊళ్లోనే ఉన్నారు. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెడితే మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. ఆయన కథ చెబుతుంటే విన్నవాళ్లకి రాముడు గెలుస్తాడని తెలీదా? తెలిసీ విన్నారు కదా? ముగింపు తెలిస్తే రసం పోతుందన్నది అబద్ధం."

మంచి దెబ్బ. ఉదాహరణ ఊరిది, వినేవాళ్లందరికీ తెలిసినది. కుర్రాడు కాసేపు గోడకేసి చూసి అన్నాడు: "మరి అభిమన్యుడు తిరిగి రాలేదు కదా?"

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఆమె, "లక్ష్మణుడు లేచాడుగా, సంజీవనితో" అంది.

"లేచాడు. దానికోసం హనుమంతుడు కొండ మోశాడు."

"ఎండ్‌గేమ్‌లో కూడా ఊరికే రాలేదు. అందర్నీ వెనక్కి తెచ్చాక చివర్లో ఐరన్‌మ్యాన్ ప్రాణం పోయింది."

"అదే నటుణ్ని ఇంకో పాత్రలో మళ్లీ తెస్తున్నామని 2024లో చెప్పారు."

"పాత్ర వేరు!"

"ముఖం అదేగా!"

ఇది గట్టిగానే జరిగింది, మామ్మగారు మాత్రం గేటు దాకా రాలేదు. తేడా గమనించండి. మొదటిసారి ఎవరు మొద్దు అన్నది ప్రశ్న. ఇప్పుడు చావును వెనక్కి తిప్పడానికి కథలో ఎంత ఖర్చు పెట్టాలి అన్నది ప్రశ్న. ఇద్దరూ అడగని ప్రశ్న ఇది, ఇద్దరి మధ్యా పుట్టింది. ఇక్కడ ఒక పాత సాక్ష్యం కూడా పనికొస్తుంది. 1978 నాటి 'సూపర్‌మ్యాన్' సినిమాలోనే చనిపోయిన ప్రియురాలి కోసం హీరో భూమి చుట్టూ ఎగిరి కాలాన్ని వెనక్కి తిప్పేశాడు. కాబట్టి ఇది ఇప్పటి కంపెనీల అత్యాశ మాత్రమే అనడం కుదరదు. ఆ సాక్ష్యం ఎవరి పక్షానికి ఉపయోగమో మీరే తేల్చుకోండి, నాకు రెండు పక్షాలకూ కనిపిస్తోంది.

నా సొంత అభిప్రాయం అడిగారు కాబట్టి చెప్పాను. నాకు చావుతో పేచీ లేదు, బరువుతో ఉంది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి సర్కస్‌లో ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకునేవారని మన వైపు ఇంటింటా చెప్పుకుంటారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే. ఆ మాట వింటున్నప్పుడు మనకు తెలియకుండానే మన చెయ్యి మన పక్కటెముకల మీదికి పోతుంది. ఏనుగు ఎంతుంటుందో తెలుసు, ఎముక ఎంతుంటుందో తెలుసు. అదే సినిమాలో పదంతస్తుల మేడ హీరో మీద పడుతుంది, దుమ్ము దులుపుకుని లేస్తాడు. మేడ బరువు నాకు తెలియలేదు, ఎందుకంటే అతనికి తెలియలేదు. మేనకోడలు ఒప్పుకోలేదు. 'లోగన్'లో దెబ్బ తగిలితే తొందరగా మానదు కదా మావయ్యా అంది. నేను ఆ ఒక్కటీ ఒప్పుకున్నాను.

ఒప్పుకోవడం కూడా ఈ పాఠంలో భాగమే. "ఇది మీరన్నది నిజం, అయినా..." అనడానికి మనవాళ్లకు ప్రాణం పోతుంది. ఒకటి వదిలిపెట్టినవాడు మిగతావి గట్టిగా పట్టుకున్నాడని వినేవాళ్లు అనుకుంటారు.

వసూళ్ల సంగతి త్వరగా ముగిస్తాను. 'జనం చూశారు కాబట్టి మంచిది' అంటే కుదరదు. 'జనానికి విసుగొచ్చింది, 2023లో "ది మార్వెల్స్" చూడండి, 20 కోట్ల డాలర్ల దగ్గరే ఆగింది' అన్నా కుదరదు. మరుసటి ఏడాదే డెడ్‌పూల్, వుల్వరిన్ కలిసి వచ్చిన సినిమా 130 కోట్ల డాలర్లు దాటింది. ఒక్క సంఖ్య పట్టుకుని వాదానికి దిగేవాడి దగ్గర ఇంకొకడు ఇంకో సంఖ్యతో కూర్చుని ఉంటాడు.

ఇంకో చిన్న మాట. ఒకరు 2024 సంక్రాంతికి వచ్చిన మన 'హను-మాన్'ను మధ్యలోకి లాగారు. సూపర్ హీరో సినిమానే, కానీ కామిక్ పుస్తకం నుంచి వచ్చింది కాదు. మన ప్రశ్నలో 'కామిక్ పుస్తకాల' అన్న మాట ఉంది. 2వ పాఠంలో మాటల హద్దులు గీయడం చెప్పాను కదా, మళ్లీ చదవండి.

ఈ వారం పని

ఇంట్లో మీరు గట్టిగా కాదనే విషయం ఒకటి తీసుకోండి. సినిమానే కానక్కర్లేదు. దాన్ని నమ్మేవాళ్లు ఇంట్లోనో వీధిలోనో ఉండాలి. వాళ్ల పక్షాన్ని అయిదు వాక్యాల్లో రాయండి. 'పాపం', 'ఏదో', 'అంటారట' లాంటి మాటలు కొట్టేయండి, వెటకారం దాక్కునేది వాటిలోనే. రాసింది వాళ్లకు చదివి వినిపించండి. "అవును, అదే" అనకపోతే, ఎక్కడ తేడా వచ్చిందో అడిగి తిరగ రాయండి. మూడుసార్లు రాసినా కుదరకపోతే, ఆ విషయం మీద మీరు ఇన్నాళ్లూ ఎవరితో వాదించారో ఒక కాగితం మీద రాసుకుని తెచ్చుకోండి.

జవాబు మాత్రం ఈ వారం చెప్పొద్దు, ఎంత నోరు దురద పెట్టినా సరే. దాని పని 6వ పాఠంలో, ఒక ఉదాహరణ ఎంత బరువు మోయగలదో చూశాక.