చేతి నరాలు కెమెరాలో కనపడాలంటే ఫోకస్ తిప్పి లాభం లేదు

మా నాయనమ్మకి ఒంగోలులో సెలైన్ పెట్టేటప్పుడు నరం దొరక్క నాలుగు చోట్ల గుచ్చారు (అందరం నరం అంటాం గానీ అది సిర). ఆ కోపంతోనే ఇంటికొచ్చి, అటక మీద పడున్న పాత సీసీ కెమెరా దించా.

ముందు బట్టర్ పేపర్ ఒకటి తీసుకుని న్యూస్‌పేపర్ మీద పరవండి. అక్షరాలు చదవొచ్చు. దాన్నే ఒక సెంటీమీటర్ పైకెత్తండి, అంతా అలుక్కుపోతుంది. చర్మంతో వచ్చే గొడవ కూడా ఇదే: వెలుగు లోపల అటూ ఇటూ చెదిరిపోతుంది, వస్తువు ఎంత లోతుంటే అంత మసక. అందుకే పైపైన ఉన్న సిరలు దొరుకుతాయి, ఫోన్ టార్చి వేలికి ఆనించినా ఎముక మాత్రం కనపడదు.

బజ్జీలు కట్టిచ్చిన పేపర్లో నూనె పీల్చిన చోట అవతలి అక్షరాలు కనపడతాయి చూశారా, పోగుల మధ్య గాలి ఉన్న సందుల్ని నూనె నింపేసరికి వెలుగు దారి తప్పడం తగ్గుతుంది. 2024లో స్టాన్‌ఫోర్డ్ వాళ్లు టార్ట్రజీన్ అనే పసుపు ఫుడ్ కలర్‌ని ఎలుక చర్మానికి రాసి లోపలి అవయవాలు కనపడేలా చేశారు, దాని కిటుకూ ఇలాంటిదే. మీరు మాత్రం చేతికి మిఠాయి రంగు పూసుకోకండి.

మనకి చేతనైంది, చర్మంలోకి బాగా దిగే వెలుగు వాడి, చర్మం పైన తగిలి వచ్చే మెరుపుని కెమెరాలోకి రానీకుండా చూడటం. చీకట్లో సన్నగా ఎర్రగా మెరిసే ఎల్ఈడీలున్న నైట్ విజన్ కెమెరా కావాలి, అవి సాధారణంగా 850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న, కంటికి దాదాపు కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగువి. ఆ వెలుగు చర్మంలోకి బాగా దిగుతుంది, సిరలోని రక్తం దాన్ని చుట్టూ ఉన్న కండకన్నా ఎక్కువ పీల్చుకుంటుంది కాబట్టి సిర నల్లగా పడుతుంది. రాత్రిపూట తెల్ల లైటు వేసుకునే కలర్ కెమెరా దీనికి పనికిరాదు.

గది చీకటి చేసి, నల్ల గుడ్డ మీద చెయ్యి ఆనించి కదలకుండా పెట్టండి. దగ్గరగా పెడితే మసకగా ఉంటే లెన్స్‌ని మర విప్పినట్టు కొద్దిగా బయటికి తిప్పండి, ఫోకస్‌తో పని అంతవరకే. మొదటి రాత్రి నాకు చెయ్యంతా తెల్లగా, సున్నం కొట్టినట్టు వచ్చింది. ఎల్ఈడీల మీద (లెన్స్ మీద కాదు) టిష్యూ పేపర్ రెండు మడతలు అంటిస్తే ఆ మెరుపు పోయింది. ఇంకా మెరుస్తుంటే కెమెరాని కొంచెం పక్కకి వంచండి. తర్వాత వీడియోలోంచి ఇరవై ముప్పై ఫ్రేములు (విడి బొమ్మలు) కలిపి సగటు తీసి, కాంట్రాస్ట్ పెంచండి. సగటుతో గరుకు పోతుంది గానీ మసక పోదు.

స్క్రీన్ మీద సిర ఉన్నదానికన్నా లావుగా కనపడుతుంది, అంచులు నమ్మొద్దు, దీన్ని చూసి సూది పెట్టించే పని అసలే వద్దు. ఎల్ఈడీల వైపు దగ్గరగా తేరిపార చూడకండి.

మా నాయనమ్మ చేతి మీద వేళ్ల వైపు రెండుగా చీలిన సిర నల్లగా తేలగానే, ఆవిడ స్క్రీన్‌ని వేలితో రుద్ది, "ఇది గాజు గీసుకున్న గీత కదరా?" అంది.