"కనబడుటలేదు" పోస్టరు పాతబడ్డాక మనం చేయగలిగే పని

మా షాపు గుంతకల్లు రైల్వే స్టేషన్‌కు దగ్గర. జిరాక్స్, డీటీపీ, ఆన్‌లైన్ దరఖాస్తులు మా పని. గుంతకల్లు నుంచి బళ్లారి, రాయచూరు పోవచ్చు, డోన్ మీదుగా గుంటూరు, ధర్మవరం మీదుగా బెంగళూరు, కడప మీదుగా రేణిగుంట పోవచ్చు. అందుకే ఇంట్లో మనిషి తప్పిపోతే చాలామంది ఇక్కడికొచ్చి గోడలకు "కనబడుటలేదు" కాగితాలు అంటిస్తారు. ఆ కాగితం వానకు పోతుంది. అదే ఫొటో మాత్రం వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపుల్లో ఏళ్ల తరబడి తిరుగుతుంది. దాని కింద ఎప్పుడూ అవే మాటలు: "పెండ్లామే ఏదో చేసింటుంది", "తమ్మునితో పొలం తగాదా ఉందంట".

కోసిగి నుంచి వచ్చిన ఒక తల్లి నాతో అన్న మాట వేరు. "వాడు ఎందుకు పాయనో నాకొద్దు పాపా. యాడుండాడో తెలిస్తే సాలు." తేలని మిస్సింగ్ కేసు గురించి మాట్లాడుకునే ప్రతి గ్రూపు ఆ మాట పట్టుకుని పని చేయాలని నా కోరిక. ఎవరు చేశారన్నది తేల్చడం మన చేతిలో లేదు. ఇంకా ఎక్కడ చూడలేదన్నది మాత్రం మనం వెతకొచ్చు.

మొదట కాగితం సంపాదించాలి. గ్రూపులో ఎవరో ఒకరు కుటుంబంతో మాట్లాడి, వాళ్లు సరేనంటేనే మొదలుపెట్టండి. ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరం, పోలీస్ స్టేషన్ పేరు, ఈ మూడూ లేకుండా పోస్టు పెట్టొద్దు. ఫిర్యాదు చేసినవాళ్లకు ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉంది. సున్నితమైన కేసులు మినహా మిగతావి ఆన్‌లైన్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. అంతకంటే పాత కేసైతే ఇంట్లోవాళ్లు స్టేషన్‌కు పోయి అడగాల్సిందే. అసలు ఫిర్యాదే రాయించని ఇళ్లు కూడా ఉంటాయి, "24 గంటలు ఆగి రమ్మన్నారు" అని ఊరుకున్నవాళ్లు. అలా ఆగాలనే నిబంధన ఏదీ లేదు. మనిషి తప్పిపోయిన చోటు ఆ స్టేషన్ పరిధిలో లేకున్నా, ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ రాయించొచ్చు, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్)లో అది స్పష్టంగా ఉంది. పిల్లల విషయమైతే కిడ్నాప్‌గానే భావించి కేసు కట్టాలని 2013లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. పిల్లల కోసం 1098కు, మిగతావాళ్లకైతే 112కు ఫోన్ చేయండి.

తర్వాత గుర్తుల కాగితం. నేను ఎక్కువ సేపు కూర్చునేది దీని దగ్గరే. పోస్టర్లలో "వయసు 45, చామనఛాయ, ఎత్తు 5.5" అని రాసిస్తారు. మన సీమలో అలాంటి మనిషి వీధికి పది మంది ఉంటారు. ఇంట్లోవాళ్లను తొందర పెట్టకుండా కూర్చోబెట్టి అడగండి. చేతి మీద పచ్చబొట్టు ఉందా, ఉంటే ఏ పేరు, ఏ చెయ్యి? మొలతాడు నల్లదా, ఎర్రదా, దానికి తాయెత్తు కట్టారా? ముందు పన్ను విరిగిందా, కట్టుడు పళ్లా? ఆపరేషన్ మచ్చ కడుపుకు ఏ పక్క? కాలులో రాడ్డు వేశారా, ఏ ఊరి ఆసుపత్రిలో? చొక్కా ఏ టైలర్ దగ్గర కుట్టించేవాడు? ఈ చివరి ప్రశ్నకు చాలామంది ఆశ్చర్యపోతారు. గుర్తుతెలియని మృతదేహం దొరికినప్పుడు పోలీసులు ఇచ్చే ప్రకటన చదవండి, చొక్కా కాలరు మీది టైలర్ లేబుల్ పేరు తరచూ అందులో ఉంటుంది. బట్టలు చిరిగినా ఆ లేబుల్ చాలాసార్లు మిగులుతుంది. అందులో ఆదోని టైలర్ పేరు ఉంటే మనం వెతకాల్సిన ఊరు దొరికినట్టే.

ఆ కాగితంలో రెండు భాగాలు చేయండి. ఇంట్లోవాళ్లు కళ్లారా చూసి చెప్పింది ఒక పక్క, ఇతరుల ద్వారా విన్నది ఇంకో పక్క, ఎవరు ఎప్పుడు చెప్పారో తేదీతో. "బళ్లారి బస్టాండులో చూసినామంట" అనేది రెండో పక్కనే ఉండాలి, చూసిన మనిషి దొరికేదాకా.

ఇక వెతకాల్సిన చోట్లు. మనిషి ఒక జిల్లాలో తప్పిపోయి ఇంకో రాష్ట్రంలో దొరికితే ఆ రెండు కాగితాలూ కలవడం చాలా కష్టం. పట్టాల మీదో ప్లాట్‌ఫారం మీదో దొరికినవాళ్ల కేసు ఊరి స్టేషన్‌లో ఉండదు, రైల్వే పోలీసుల దగ్గర ఉంటుంది. కర్నూలు దగ్గర తుంగభద్రలో పడిన మనిషి అవతలి ఒడ్డుకు తేలితే అది తెలంగాణ, జోగులాంబ గద్వాల జిల్లా. కింద నది కృష్ణలో కలిసి శ్రీశైలం నీళ్లలోకి పోతుంది. కర్నూలు-కడప కాలువ (కేసీ కెనాల్)లో పడితే ఇంకో దారి. కాబట్టి "కర్నూలు పోలీసులను అడిగినాము, లేదన్నారు" అన్న మాటతో వెతుకులాట ఆపొద్దు. పాత పోస్టుల్లో జిల్లా పేర్లూ చూసుకోండి. 2022 ఏప్రిల్ 4కు ముందు ధర్మవరం, కదిరి అనంతపురం జిల్లావి, నంద్యాల, డోన్ కర్నూలు జిల్లావి. పాత పేరుతో వెతికితే కొత్త రికార్డు కనపడదు.

మతిస్థిమితం తప్పినవాళ్ల విషయంలో ఇంకో దారి ఉంది. అలాంటివాళ్లు ఇల్లూ వాకిలీ లేక తిరుగుతూ దొరికితే, దొరికిన చోటే మిస్సింగ్ కేసు కట్టి కుటుంబాన్ని వెతకాల్సిన బాధ్యత ఆ స్టేషన్‌ది. 2017 మానసిక ఆరోగ్య చట్టం అలా చెబుతుంది. అంటే ఒకే మనిషికి ఇక్కడొకటి, అక్కడొకటి రెండు కేసులు ఉండొచ్చు. రెండోది ఇంటివాళ్లకు తెలియదు. బెంగళూరు నిమ్హాన్స్, హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ మానసిక వైద్యశాల, దారిలోని అనాథ ఆశ్రమాలు, అన్నిటికీ గుర్తుల కాగితం పంపండి, కర్ణాటక వైపు పంపేటప్పుడు కన్నడంలో కూడా రాయించి. కేంద్రం నడిపే డిజిటల్ పోలీస్ సిటిజన్ సర్వీసెస్ పోర్టల్‌లో మొబైల్ నంబరుతో లాగిన్ అయి, గుర్తుతెలియని మృతదేహాల వివరాలు కూడా వెతకొచ్చు. కువైట్ పోయి కబురు లేనివాళ్ల ఇంట్లోవాళ్లు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి.

గ్రూపులో పెట్టకూడనివి చెబుతాను, ఇందులో నేను మెత్తబడను. అనుమానం ఉన్న మనిషి పేరు, ఫొటో, ఇంటి అడ్రసు పెట్టొద్దు. రోడ్డు మీద తిరిగే బిచ్చగాడి ఫొటో తీసి "పిల్లలను ఎత్తుకుపోయేవాడు" అని పంపొద్దు. 2018 జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఇలాంటి పుకారు నమ్మి ఐదుగురిని కొట్టి చంపారు. వాళ్లు ఊరూరా తిరిగి అడుక్కుని బతికే సంచార జాతివాళ్లు. మన ఊర్లకూ అలాంటివాళ్లు ఏటా వస్తారు. ఇంకొకటి, సమాచారం ఇచ్చే నంబరు స్టేషన్‌దే పెట్టండి. ఇంట్లోవాళ్ల నంబరు పెడితే "మీవాడు మా దగ్గరుండాడు, డబ్బులేయండి" అని ఫోన్లు వస్తాయి, ఉన్న కాస్త బంగారం కుదువ పెట్టి పంపేస్తారు.

ఏడేళ్లు దాటితే కేసు మూసేస్తారని గ్రూపుల్లో తరచూ రాస్తుంటారు. అది సరికాదు. ఏడేళ్లుగా ఆ మనిషి కబురు తెలియాల్సినవాళ్లకు తెలియకపోతే చనిపోయినట్టు కోర్టు భావించొచ్చని సాక్ష్య చట్టం చెబుతుంది. పాత చట్టంలో 108వ సెక్షన్, కొత్తదాంట్లో 111. పెన్షన్, పొలం, బీమా లాంటి వాటికి అది పనికొస్తుంది. వెతకడం ఆపమని అందులో ఎక్కడా లేదు.

ఎక్కడైనా గుర్తులు కలిసినట్టు అనిపిస్తే గ్రూపులో పెట్టకండి, ఇంట్లోవాళ్లకు ఫోనూ చేయకండి. రెండు స్టేషన్ల పేర్లు, రెండు కేసు నంబర్లు, కలిసిన గుర్తులు ఒక కాగితం మీద రాసి ఇంటివాళ్ల ఎఫ్‌ఐఆర్ ఉన్న స్టేషన్‌లో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. మృతదేహమైతే తల్లిదండ్రుల నుంచో పిల్లల నుంచో రక్త నమూనా తీసి డీఎన్‌ఏ పరీక్షకు పంపమని పోలీసులను అడగొచ్చు. ఫలితం వచ్చేదాకా "దొరికాడంట" అన్న మాట మీ నోటి నుంచి రాకూడదు. మనిషి ప్రాణాలతో దొరికితే అదే రోజు ఫొటోలన్నీ తీసేయండి, ముఖ్యంగా ఆడపిల్లలవి, చిన్నపిల్లలవి. ఫార్వర్డ్ చేసిన ప్రతి గ్రూపుకూ "దొరికారు, ఫొటో తీసేయండి" అని ఒక్క మెసేజ్ పెట్టండి. ఎక్కడ దొరికారు, ఎందుకు పోయారు అని ఎవరడిగినా జవాబు ఇవ్వనక్కర్లేదు.