దసరాకు సీడీలు చేయిస్తున్నారా? చివరి పాట వినకుండా సంతకం పెట్టకండి

ఇటీవల నగరంలో ఒక భక్తి సంగీత బృందం పంచిపెట్టిన సీడీలు వరుసగా వెనక్కి వచ్చాయి. మొదటి పాటలు చక్కగా వినిపించి, చివరి మూడు మాత్రం తడబడి, పలికిన ముక్కే మళ్లీ పలికి ఆగిపోతున్నాయన్నది అందరి ఫిర్యాదు. బృందానికి పెద్దయినాయన వెళ్లి తయారీదారును నిలదీస్తే, ‘మీరు విని సంతకం పెట్టాకే కదండీ సరుకు కదిలింది’ అని ఆయన చేతులు దులుపుకొన్నారు. పెద్దాయన విన్నది మొదటి పాట, అదీ ఫ్యాక్టరీవారు చేతికిచ్చిన నమూనాలో.

ఈ ఒక్క పొరపాటుతో డబ్బు, పరువు పోగొట్టుకున్నవారిని చాలామందిని చూశాను. గ్రామఫోన్ రికార్డుకు భిన్నంగా, సీడీని ప్లేయర్ లోపలి నుంచి అంచువైపు చదువుకుంటూ పోతుంది కాబట్టి చివరి పాటలు ఉండేది బయటి అంచు దగ్గర. అచ్చులో ప్లాస్టిక్ సమంగా నిండకపోయినా, రక్షణ పూత సరిగా పాకకపోయినా, తేమ దూరినా తరచుగా ముందు దెబ్బతినేది ఆ అంచే. కనుక మొదటి పాట బాగుందంటే ఆ ఒక్క పాట బాగుందని మాత్రమే అర్థం.

తయారీ

అచ్చొత్తిన డిస్కు వేరు, కంప్యూటర్‌లో రాసిన డిస్కు వేరు. మొదటిదానిలో మాస్టర్ (పాటల మూల ప్రతి) నుంచి తీసిన నికెల్ అచ్చుతో పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్ మీద గుంటలు ఒత్తి, అల్యూమినియం పొర పరిచి, పైన లాకర్ అనే రక్షణ పూత పూస్తారు. రెండోదానిలో రంగు పొరను లేజర్‌తో మారుస్తారు, ఆ పొర ఎండకూ వేడికీ తొందరగా లొంగుతుంది. కొద్దిపాటి ప్రతులకు రాసినవే తీసుకోవడంలో తప్పేమీ లేదు, అచ్చు ధర తీసుకుని రాసినవి అంటగట్టడమే మోసం. డిస్కును తిప్పి చూడండి: అచ్చొత్తిన సీడీ అడుగు వెండిలా ఉంటుంది, రాసినదానిలో సాధారణంగా ఆకుపచ్చ లేదా నీలం ఛాయ కనిపిస్తుంది. నడిమి రంధ్రం చుట్టూ ఐఎఫ్‌పీఐ (రికార్డింగ్ కంపెనీల అంతర్జాతీయ సమాఖ్య) అక్షరాలతో మొదలయ్యే కోడ్‌లు ఉన్నాయేమో భూతద్దంతో చూడండి. మాస్టర్ ఎక్కడ తయారైందో, అచ్చు ఎక్కడ పడిందో చెప్పే ఈ కోడ్‌ల పద్ధతి 1994లో మొదలైంది.

తరువాత డిస్కును బల్బుకు అడ్డంగా పట్టుకోండి. సూదిమొనంత వెలుతురు చుక్కలు కనిపిస్తే పొరలో చిల్లులున్నట్టు. అల్యూమినియం పొర అంచుకు కొద్దిగా లోపలే ఆగి, దాన్ని పూర్తిగా కప్పుతూ లాకర్ అంచు దాకా ఉండాలి. లోహం బయటికి కనిపిస్తే ఆ లాటు వద్దనండి, వానాకాలపు తేమ అక్కడి నుంచే లోపలికి పాకుతుంది.

ప్యాకింగ్

సీడీలో సమాచారం ఉండేది అడుగున కాదు, పేరు ముద్రించిన పైవైపు లాకర్ కింద. అందుకే పైవైపు గీత అడుగు గీతకన్నా ప్రమాదం. కాగితం కవరు చవకే కానీ, ఏ కాగితమో అడిగి తెలుసుకోండి: ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్‌లో పీడీవో ఫ్యాక్టరీ 1988 నుంచి 1993 వరకు అచ్చొత్తిన సీడీలలో చాలావాటి లాకర్, కవరు కాగితంలోని గంధకానికి తాళలేక, డిస్కులు కంచు రంగుకు తిరిగి చెడిపోయాయి. మెత్తటి పీవీసీ కవర్లు ముద్రణకు అతుక్కుంటాయి కనుక పాలీప్రొపిలీన్ కవర్లు అడగండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం డిస్కులను 4 నుంచి 20 డిగ్రీల మధ్య, 20 నుంచి 50 శాతం తేమలో ఉంచాలి. వానాకాలంలో మన దగ్గర గాలిలో తేమ 70 శాతం దాటడం మామూలే. జీడిమెట్లలోనో కాటేదాన్‌లోనో రేకుల గోదాములో నెల రోజులు పడి ఉన్న సరుకును ‘కొత్తదే సార్’ అంటే నమ్మకండి.

ఇక దొంగ ప్రతుల సంగతి. పాటల మీద మీ హక్కు పత్రాలు అడగని ఫ్యాక్టరీకి వెళ్లకండి; మిమ్మల్ని అడగనివాడు, రేపు మీ సీడీ పట్టుకొచ్చిన దొంగనూ అడగడు. ఉన్న ఒక్క మాస్టర్‌ను అప్పగించి రావద్దు. పని ముగిశాక నికెల్ అచ్చు వెనక్కి ఇస్తారా, మీ ఎదుట ధ్వంసం చేస్తారా అన్నది ముందే కాగితం మీద రాయించుకోండి. పనికిరానివని పక్కన పెట్టిన డిస్కులను లెక్కపెట్టి, మీ కళ్ల ముందే ముక్కలు చేయించండి. పాటలు ఆ చెత్తబుట్టలోంచి కూడా బయటికి పొక్కుతాయి. కాపీరైట్ చట్టం 52ఏ సెక్షన్ ప్రకారం తయారుచేసినవారి పేరు, చిరునామా, హక్కుదారు పేరు, చిరునామా, మొదట ప్రచురించిన సంవత్సరం డిస్కు మీద, కవరు మీద ఉండాలి. వాటిని మరిచిపోయి ముద్రణకు ఇవ్వకండి.

స్టిక్కర్ అంటించకండి. బాల్‌పెన్‌తో రాయకండి. ముద్రణ సిరా ఆరకముందే ప్లాస్టిక్‌లో చుట్టనివ్వకండి. నడిమి రంధ్రాన్ని బిగించి పట్టే పెట్టెలు వద్దు, విప్పేటప్పుడు పగుళ్లు అక్కడే మొదలవుతాయి. రాసిన డిస్కు అయితే చివరి కొన్ని నిమిషాలు ఖాళీగా వదలండి. సరుకును కారు డిక్కీలో ఎండకు ఉంచకండి. నమూనాను వాళ్లు ఎంచి ఇస్తే తీసుకోకండి. అట్టపెట్టె మధ్యలోంచి, అడుగునుంచి మీ చేత్తో తీయండి. పాత ప్లేయర్‌లో ఒకటి, కారులో ఒకటి పెట్టి వినండి. మళ్లీ చెబుతున్నాను, చివరి పాట వినండి, పూర్తిగా వినండి. ‘బండి బయట ఆగి ఉంది, తొందరగా కానివ్వండి’ అని ఎవరన్నా తొందరపెడితే ఆ బండిని ఖాళీగానే పంపించండి.