విమానాభిమానుల ప్యాచ్‌లు కుట్టించే ముందు జాగ్రత్తలు

ప్యాచ్‌లు అంటే దుస్తులకు అతికించుకునే, దారంతో బొమ్మ కుట్టిన గుడ్డ ముక్కలు. వాటిని నల్లగొండలో కుట్టించినా, బయట కుట్టించినా మీ బృందం సభ్యుల డబ్బు చేతికి వచ్చాకే ఆర్డర్ ఇవ్వండి. "తర్వాత ఇస్తాను" అన్న మాటను లెక్కలో వేయకండి.

బొమ్మ దగ్గరే అసలు జాగ్రత్త. దారానికి మందం ఉంటుంది. అర సెంటీమీటరు కన్నా చిన్న అక్షరాలు ముద్దగా మారతాయి. తెలుగు గుడులు, ఒత్తులు ఇంకా త్వరగా పూడిపోతాయి, వాటిని పెద్దవిగా వేయించండి. నాగార్జునసాగర్ మీద ఎగిరే విమానం బొమ్మ నాకెంతో ఇష్టం. కానీ తొమ్మిది సెంటీమీటర్ల గుడ్డ మీద ఆనకట్ట 26 గేట్లూ స్పష్టంగా రావు; నాలుగైదు చాలు.

వాయుసేన చిహ్నం, ప్రభుత్వ ముద్ర వద్దు. అలాంటి చిహ్నాల వాడకంపై 1950 నాటి చట్టం ఉంది.

వెనుక వెల్క్రోనా, ఇస్త్రీతో అంటుకునే జిగురా అన్నది కుట్టేవారి దగ్గర రాతలో తీసుకోండి.

ముందు ఒక్క నమూనా కుట్టించి, ఉతికి, ఎండలో ఆరబెట్టి రంగు చూడండి. ఫోనులో ఫొటో చూసి ఒప్పుకోకండి.