చిన్న చిన్న తీరికలను దక్కించుకోవడం ఎలా

కావలి నుంచి నెల్లూరుకు రోజూ రైల్లో ఉద్యోగానికి వెళ్లివచ్చేవారికి ప్రయాణం, ప్లాట్‌ఫారం మీద ఎదురుచూపు కలిపి సుమారు 2 గంటలు పడుతుంది. వారానికి 6 రోజుల చొప్పున లెక్కవేస్తే అది 12 గంటలు. నేనూ చాలాకాలం ఆ రైళ్లలోనే తిరిగాను. చదువుకోవడానికి తీరికే దొరకడం లేదని అందరితో చెప్పుకునేవాణ్ణి కానీ, ఆ 12 గంటలను ఎన్నడూ తీరికగా లెక్కించలేదు. మనకు తీరిక పూటలు పూటలుగా రాదు. ఇరవై నిమిషాలుగా, అరగంటగా, రోజంతా చెదిరిపోయి వస్తుంది. దానిని దక్కించుకోవాలంటే ముందుగా అది ఎక్కడ ఉందో తెలియాలి.

అందుకు జేబులో పట్టే చిన్న నోటుబుక్కు చాలు. ఒక వారం పాటు, ఆదివారంతో సహా, పని లేకుండా గడిచిన ప్రతి వ్యవధినీ అందులో రాయండి: ఎక్కడ ఉన్నారు, ఎన్ని నిమిషాలు, ఆ సమయంలో ఏం చేశారు. ఏమీ చేయకపోతే ఆ మాటే రాయండి, మొహమాటం అక్కరలేదు. ఈ వారంలో అలవాట్లు మార్చుకోవడానికి ప్రయత్నించవద్దు, ఎందుకంటే ఇప్పుడు కావలసింది ఉన్నది ఉన్నట్టుగా కనిపించడమే. వారం చివర చూసుకుంటే, బస్సు కోసమో, డాక్టరు పిలుపు కోసమో, పిల్లల ట్యూషన్ వదిలే వేళ కోసమో ఎదురుచూసిన సమయమే ఎక్కువగా తేలుతుందని నా అనుభవం.

ఈ ఎదురుచూపులకు మందు ఒక్కటే: ఏం చేయాలో ముందురోజు రాత్రే తేల్చుకోవడం. తీరిక దొరికిన తరువాత ఏం చేద్దామా అని ఆలోచించడం మొదలుపెడితే, ఆ ఆలోచన ఒక కొలిక్కి వచ్చేలోపే చేయి ఫోను మీదికి పోతుంది. కాబట్టి రాత్రి పడుకోబోయే ముందు మరునాటికి ఒకే ఒక పనిని ఎంచుకుని, దానికి కావలసిన వస్తువును సంచిలో పెట్టుకోండి. ఆ పని ఇరవై నిమిషాల్లో ఎంతో కొంత సాగేదిగా, మధ్యలో ఆపినా చెడిపోనిదిగా, సిగ్నల్ లేకపోయినా చేయగలిగేదిగా ఉండాలి. పోటీ పరీక్షకు చదివేవారు లావుపాటి పుస్తకాన్ని మోసుకెళ్లకుండా ఆనాటి నాలుగు పేజీలను మాత్రమే జిరాక్సు తీసి పెట్టుకోవచ్చు. ఇంటి జమాఖర్చులు రాయడం, ఒక కథ చదవడం, దూరపు బంధువుకు ఉత్తరం రాయడం కూడా ఇటువంటి పనులే. బోగీలో నిలబడి ప్రయాణించవలసి వస్తే చదవడం సాగదు. అప్పటికోసం వినదగిన పాఠం ఒకటి ఫోనులో ముందే దించి పెట్టుకోవాలి. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రొయ్యల చెరువుల దగ్గర, మేత వేసిన తరువాత, రొయ్యలు ఎంత తిన్నాయో తెలుసుకోవడానికి నీళ్లలో ఉంచే పళ్లెం (చెక్ ట్రే) ఎత్తి చూసే వరకు చాలాసార్లు రెండు గంటల వ్యవధి ఉంటుంది. గట్టు మీద ఉండే మనిషికి ఆ రెండు గంటలు ప్రతిరోజూ తప్పకుండా దొరుకుతాయి, అందువల్ల వాటిని ఒక చదువుకో, ఒక చేతిపనికో కేటాయించడం ఎంతో తేలిక.

ఫోను విషయంలో, కాల్స్‌కూ ఇంటివారి సందేశాలకూ తప్ప మిగిలిన అన్ని నోటిఫికేషన్లనూ ఆపివేయండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో డిజిటల్ వెల్‌బీయింగ్ అనే చోట ఒక్కొక్క యాప్‌కు రోజుకు ఇన్ని నిమిషాలని పరిమితి పెట్టుకునే వీలుంది. అయితే పెట్టుకున్నవారే దానిని తీసివేయగలరు కనుక దానిమీదే ఆధారపడవద్దు. నాకు నిజంగా ఉపయోగపడినది చేతి గడియారం. టైము చూడడానికని ఫోను తీసి అరగంట పోగొట్టుకోవడం ఎన్నిసార్లు జరిగిందో నోటుబుక్కు చూశాకే నాకు తెలిసింది.

కొన్ని తిరుగుళ్లను అసలే లేకుండా చేసుకోవచ్చు. మూడు నెలల రైలు సీజన్ టికెట్ ధర నెల టికెట్ ధరకు 2.7 రెట్లే కనుక డబ్బు మిగలడంతో పాటు రెండుసార్లు క్యూలో నిలబడడమూ తప్పుతుంది. కరెంటు బిల్లును ఫోనులోనే చెల్లించవచ్చు. 2025 జనవరిలో మొదలైన మన మిత్ర అనే రాష్ట్ర ప్రభుత్వ ఏర్పాటు ద్వారా అనేక ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లో అందుతున్నాయి కాబట్టి, కార్యాలయానికి బయలుదేరే ముందు ఆ పని అక్కడ అవుతుందేమో చూడండి. వెళ్లక తప్పనప్పుడు సంబంధిత అధికారి సీట్లో ఉన్నారో లేదో ఫోను చేసి కనుక్కోండి.

మన ప్రాంతపు వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ మధ్యాహ్నం బయటి పని పెట్టుకుంటే ఆ ఎండకు తరువాతి సాయంత్రం కూడా నీరసంతో పోతుంది. అందువల్ల బయటి పనులను ఉదయం తొమ్మిది లోపు ముగించి, మధ్యాహ్నాన్ని నీడపట్టున చేసే పనులకు ఉంచుకోవాలి. నెల్లూరు ప్రాంతానికి ఈశాన్య రుతుపవనాల వానలే ముఖ్యం కనుక అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ముసురు పట్టి ఇంట్లోనే ఉండవలసిన రోజులు వస్తాయి. బీరువా సర్దడం, పాత కాగితాలు వేరుచేయడం, పిల్లలకు లెక్కలు చెప్పడం వంటివాటిని ఆ రోజుల కోసం ఒక కాగితం మీద రాసి ఉంచుకుంటే కరెంటు పోయినా రోజు వృథా కాదు.

అలాగని ప్రతి నిమిషాన్నీ పనితో నింపమని నేను చెప్పడం లేదు. అమ్మ దగ్గర కూర్చుని కబుర్లు చెప్పిన అరగంటనూ, మైపాడు తీరంలో పిల్లలతో గడిపిన సాయంత్రాన్నీ వృథా కింద రాయకండి. అలసిపోయి ఇంటికి వచ్చిన రాత్రి చదవబోయి కునికిపాట్లు పడడం కంటే దీపం ఆర్పి నిద్రపోవడమే మేలు. వారంలో ఒక సాయంత్రానికి ఏ పనీ పెట్టుకోకుండా ముందే విడిచిపెట్టండి.

ఒక నెల గడిచాక మళ్లీ ఒక వారం నోటుబుక్కు రాయండి. సంచిలో పెట్టుకున్న పని రెండు వారాలుగా కదలకుండా ఉందని తేలితే మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. ఆ పనిని తీసివేసి, అంతకంటే చిన్నదానిని ఆ రాత్రే ఎంచుకోండి.